బండ దిగిన తగవు

మాదాపూర్ బండ సగం దిగాక పోచమ్మ కాళ్ళు ఆగిపోయాయి.

కింద మట్టిరోడ్డు కనిపిస్తోంది. పట్నం పోయే పదకొండు గంటల బస్సు అక్కడే ఆగుతుంది. అది తప్పితే మళ్ళీ సాయంత్రమే. మనుమరాలు భూలక్ష్మికి సర్కారు దవాఖానలో కొడుకు పుట్టాడని పొద్దున్నే కబురొచ్చింది. పసివాణ్ణి చుట్టడానికి మెత్తని పాతచీరలు మూటకట్టి చంకలో పెట్టుకుంది పోచమ్మ.

యాభై ఏళ్ళు నెత్తిన నీళ్ళకుండతో ఈ బండ ఎక్కి దిగిన మనిషి. ఎన్నడూ కాళ్ళ వంక చూడలేదు. మొన్న వానల్లో ఒకసారి జారిపడింది. మోకాలికి కట్టు కడుతూ కాంపౌండరు యజ్ఞనారాయణ, "ఈ వయసులో ప్రతి అడుగూ చూసుకుని వెయ్యాలండీ" అన్నాడు. అప్పట్నుంచి చూసుకునే వేస్తోంది. మడమ ఎక్కడ ఆనాలి, వేళ్ళు ఎక్కడ పట్టాలి, బరువు ఏ కాలి మీద ఉండాలి. ఆలోచించినకొద్దీ కాళ్ళు కట్టెల్లా బిగుసుకుంటున్నాయి.

కుడికాలు ముందుకు చాపింది. అది వణికింది. వెనక్కి తీసుకుంది.

"ఏందే పోచమ్మా, మనుమరాలి పెండ్లికి నన్ను పిలువనైతే పిలువకపోతివి. గిప్పుడు తొవ్వకు గూడ అడ్డం నిలవడ్డవా?"

వెనక రాతి చాటు నుంచి వచ్చిన గొంతు పక్కింటి సక్కుబాయిది. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఏడాదిగా వాళ్ళ మధ్య మాటల్లేవు.

పోచమ్మకు ఒళ్ళు మండింది. "పిలువలేదా? బొట్టు వెట్టి పిలుద్దామని నేనే రాలేదా నీ ఇంటికి?" అంటూ కదిలింది.

"ఎప్పుడొచ్చినవ్?"

"పెండ్లికి ముందు బేస్తారం. నన్ను జూసి తలుపేసుకుంటివి."

"నేనా? నువ్వు జూసినవా?"

"జూసుడేంది? పిలిచి పిలిచి నోరు నొచ్చింది. పలికినవా?"

"ఇంట్ల ఉంటె గద పలుకుతా. కోడలికి జరమొస్తే జీడిమెట్లల పెద్దోని ఇంటికి పోయిన. నాలుగు దినాలు ఆడ్నే ఉన్న."

"అబద్ధం."

"గొళ్ళెం లోపట వెట్టి ఉండెనా, బయట వెట్టి ఉండెనా? గది చెప్పు."

పోచమ్మ మూటను ఇంకో చంకలోకి మార్చుకుంది. ఆ రోజు గుమ్మం ముందు నిలబడ్డ సంగతి గుర్తు చేసుకుంటూ నాలుగడుగులు వేసింది. తలుపు గుర్తొచ్చింది. దాని మీద తుప్పుపట్టిన గొళ్ళెం గుర్తొచ్చింది.

"బయట్నే ఉండె" అంది చివరికి, చిన్న గొంతుతో. "కోపంల సోయి లేకపాయె సక్కూ. నాదే తప్పు."

ఆ మాట అంటుండగానే పాదానికి మెత్తగా దుమ్ము తగిలింది. పోచమ్మ ఆగి చూసుకుంది. రోడ్డు మీద ఉంది. వెనక్కి తిరిగితే బండ అంతా పైన ఉంది. ఎప్పుడు దిగిందో, ఎట్లా దిగిందో ఒక్క అడుగూ గుర్తు లేదు.

దూరంగా బస్సు వస్తున్న దుమ్ము లేచింది. పోచమ్మ కళ్ళు చెమర్చాయి. తన వెనకే దిగొచ్చిన సక్కుబాయి చెయ్యి పట్టుకుంది.

"ఏడాది సంది మాటల్లేకున్నా, నన్ను దించాలెననే కయ్యం వెట్టుకున్నవ్ గదా?"

సక్కుబాయి రోడ్డు పక్కన చతికిలబడి మోకాళ్ళు ఒత్తుకుంటోంది.

"నిన్నెవరు దించిండ్రే? పొద్దుగాల్నుంచి నేనే కాలు తియ్యరాక బండమీద్నే నిలవడ్డ. తిట్టేందుకు ఎవరన్న దొరుకుతరా అని జూస్తున్న, నువ్వొచ్చినవ్."