దారంతా పచ్చలైటే

"దిగు! నీ గొడుగు, నీ సీటీ తీస్కొని జల్ది కిందికి దిగు!" అబిడ్స్ పోస్టాఫీసు చౌరస్తాలో ఇంజనీరు వామన్‌రావు ఒంటికాలి మీద లేచాడు.

దిమ్మె మీద నిలబడ్డ కానిస్టేబుల్ మొగులయ్య చేతులాడించడం ఆపాడు. "మరి బండ్లనెవరు ఆపుతరు సార్?"

"గా పెట్టె ఆపుతది. నీ లెక్క చాయ్ తాగనీకి పోదు, నిలబడి కునుకు తియ్యదు. రేపటిసంది నిన్ను, నీ చినిగిన గొడుగును మ్యూజియంల పెడ్తరు. పిల్లలొచ్చి చూసిపోతరు."

మొగులయ్య గొడుగు చంకలో పెట్టుకుని ఫుట్‌పాత్ ఎక్కాడు.

పెట్టె అంటే మాటలా మరి! నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దాకా ఉన్న సిగ్నళ్ళన్నిటినీ ఒక్క తాటి మీద నడిపే కంట్రోలు పెట్టె. స్టేషన్ దగ్గర బయల్దేరిన కారు వేగం మార్చకుండా పోతే చాలు, అది చేరే వేళకు ప్రతి చౌరస్తాలోనూ పచ్చలైటు వెలగాలి. లోపలి పళ్ళచక్రాలను తిప్పి తిప్పి వామన్‌రావు ఆ వరస కుదిర్చాడు. రిక్షాలనూ, సైకిళ్ళనూ, నడిచేవాళ్ళనూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ అలగాజనాన్ని కూడా కలుపుకుంటే ఇక లెక్క తేలినట్టే!

ఇవాళ ఢిల్లీ నుంచి పెద్దాఫీసరు శ్రీరామమూర్తి రైలు దిగి ఆ దారినే వస్తున్నాడు. మెచ్చాడా, ఊరంతా సిగ్నళ్ళు, వాటి మీద పెత్తనం వామన్‌రావుది. మెచ్చలేదా, మళ్ళీ వీధిదీపాల బల్బులు మార్పించుకుంటూ బతకాలి. అందుకే వేగం మార్చొద్దని డ్రైవరుకు ముందే నూరిపోశాడు. ఆఫీసరుకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆయన తనంతట తానే చూసి నోరెళ్ళబెట్టాలని వామన్‌రావు కోరిక.

దూరంగా నల్ల అంబాసిడర్ కనబడింది. దాని ముందు పచ్చ. తర్వాతి చౌరస్తాలో మళ్ళీ పచ్చ! వామన్‌రావు మీసం దువ్వుకున్నాడు.

"సార్, గా ముసలామె శానసేపటిసంది నిలబడ్డది. జర దాటిస్త," అన్నాడు మొగులయ్య. జామపండ్ల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ రోడ్డు వారన చూస్తోంది.

"ముసలామె కోసం ఢిల్లీ ఆగుతదా? నోర్ముయ్!"

ఆ మాట పూర్తికాకముందే ముసలమ్మ రోడ్డు మీద అడుగుపెట్టింది. మొగులయ్య ఒక్క దూకు దూకాడు. సీటీ ఊదుతూ అరచెయ్యి ఎత్తాడు. నిండు పచ్చలైటు కింద కారు కీచుమంటూ ఆగిపోయింది.

"నా కొంప ముంచినవ్ గదయ్యా!" వామన్‌రావు నెత్తి కొట్టుకుంటూ పరుగెత్తి కారు తలుపు తీశాడు.

శ్రీరామమూర్తి దిగి పచ్చలైటును చూశాడు, ముసలమ్మను చూశాడు, మొగులయ్యను చూశాడు. "స్టేషన్ నుంచి ఇక్కడిదాకా అంతా పచ్చే. ఒక్క ఎర్రలైటు వెలిగితే ఒట్టు! ఏమయ్యా వామన్‌రావ్, ఎప్పుడు చెడిపోయిందది?"

"చెడిపోలేదు సార్! మీరు ఆగకుంట రావాలెనని నేనే గట్ల..."

"ఆపడం చేతకానిది సిగ్నలెలా అవుతుందయ్యా?" అని కసిరి, ఆఫీసరు మొగులయ్య భుజం తట్టాడు. "ఈ దారి మొత్తానికి పనిచేస్తున్నది ఇతనొక్కడే. ఆ పెట్టె ఊడబీకించి, ఇతనికో కొత్త గొడుగు ఇప్పించు."