ముడుల్లేని పోగు

"హర్షిత్ పొరబడ్డాడు ఆంటీ. ఇది కొత్త జాతి కాదు" అంది రేష్మ, మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే.

కృష్ణకుమారి హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద బిగుసుకుపోయింది. నోవైలోని ఇంటి నుంచి యూనివర్సిటీకి గంటసేపు తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. కొడుకు హర్షిత్ యాక్సిడెంట్‌లో పోయి నెల దాటింది. వాడు కనిపెట్టిన పుట్టగొడుగుకి వాడి పేరు పెడతారని, నమూనా లేనిదే పేరు పెట్టరని, వాడి గదిలో ఉన్న కవర్ తెమ్మని రేష్మే ఫోన్ చేసింది.

"సరిగ్గా చూశావా అమ్మా?"

"మూడుసార్లు చూశాను. రెండు జాతులూ అగ్గిపుల్లంతే ఉంటాయి, చిన్న గదాయుధాల్లా. పైకి తేడా తెలీదు. పాత జాతికి లోపలి పోగుల్లో కణుపు కణుపుకీ ముడి ఉంటుంది. తను తెచ్చినదానికి ముడుల్లేవని హర్షిత్ నోట్‌బుక్‌లో రాశాడు, బొమ్మ కూడా గీశాడు. దీనికేమో ఉన్నాయి. మీరే చూడండి."

కృష్ణకుమారి కన్ను ఆనించి చూసింది. మైక్రోస్కోప్‌కి మొహమాటం తెలీదు. ముడులు కొట్టొచ్చినట్టు కనపడ్డాయి.

"ఇంకో మాట ఆంటీ." రేష్మ స్లైడ్ పక్కకి తీసింది. రెండేళ్లు హర్షిత్ పక్క బల్ల దగ్గరే పనిచేసింది ఆ పిల్ల. "పేరు కోసం లేనిది గీశాడని ప్రొఫెసర్ అంటున్నారు. జర్నల్‌కి పంపిన పేపర్ విత్‌డ్రా చేస్తారట."

"అంటే నా కొడుకు అబద్ధాలకోరనా?"

రేష్మ కవర్ ఆమె ముందుకి జరిపి, "ఇంట్లో ఇంకో ముక్కేమైనా ఉందా ఆంటీ? గోరంత ఉన్నా చాలు, మళ్లీ చెక్ చేస్తాను" అంది.

"లేదు."

కవర్ మీద హర్షిత్ చేతిరాత, సెప్టెంబర్ 2011 అని. కృష్ణకుమారి దాని మీద వేలు పెట్టి నిమిరింది. దుఃఖం ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడు రాసిందంతా నిజమేనమ్మా. మీ ప్రొఫెసర్‌తో అలాగే చెప్పు. ఈ కవరొక్కటే వాడిది. లోపలిది మొన్న నేను పార్కులో అలాంటిదే చూసి ఏరుకొచ్చి, ఓవెన్‌లో ఎండబెట్టి పెట్టాను."

"మరి హర్షిత్ తెచ్చింది?"

"శుద్ధి రోజున వాడి గది దులుపుతూ, ఏదో బూజు పట్టిందనుకుని నేనే చెత్తలో పారేశాను."