గద్వాల బస్సులో జవాబులు

గద్వాల బస్సు వనపర్తి బస్టాండులో ఇంకా పూర్తిగా ఆగనైనా లేదు, పూజ కిటికీలోంచి చున్నీ విసిరి సీటు పట్టేసింది.

"యామినీ, ఇటు రా! కాకా, మీరు మా ఎనక సీట్ల కూసోండ్రి."

నర్సింహ కూతురు యామిని వెనకే ఎక్కాడు. బస్సు నిండా నీట్ పిల్లలే. అందరి చేతుల్లోనూ ప్రశ్నపత్రాలు, అందరి నోళ్లలోనూ జవాబులు. గద్వాలలో ఇంటర్ కలిసి చదివిన స్నేహితురాలు ఇలా కనిపించేసరికి పూజ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పూజకు సెంటరు ఊరికి ఆ కొసన పడింది.

"నీ పేపరేదే?"

"నీది ఉంది గద. సద్వు," అంది యామిని.

బస్సు కదిలింది. పూజ ఫోన్లో ఎవరో అప్పుడే పెట్టిన 'కీ' తెరిచి, పెన్ను తీసింది.

"గుండెల నుంచి ఊపిరితిత్తులకు చెడు రక్తం మోసేది? నేను సిర పెట్టిన."

"ధమని. గుండె నుంచి బయటికి పోయేది ఏదైనా ధమనే."

పూజ ఫోన్ చూసి నుదురు కొట్టుకుంది. "పాయె! నాది పాయె. నీది కరెక్టే."

వెనక సీట్లో నర్సింహ పెదవులు కదిలాయి. ధమని. ఆ మాట అతనికి తెలుసు. ఏడాదిగా అతను మగ్గం మీద చీర నేస్తుంటే, పక్కనే గోడకానుకుని యామిని పైకి చదివేది. అర్థం తెలియకపోయినా ఎముకల పేర్లూ నరాల పేర్లూ అతనికి నోటికొచ్చేశాయి. పోయినేడు పదకొండు మార్కుల తేడాతో సీటు పోయింది. "ఈ ఒక్కపారి నాయినా. రాకపోతే డిగ్రీల చేర్త," అని యామిని బతిమాలింది. "నువ్వు సద్వుకో బిడ్డా. మిగిలినయన్నీ నేను చూసుకుంట," అన్నాడు నర్సింహ.

"బావిల రాయి ఏస్తే మూడు సెకన్లకు నీళ్లు తాకింది. లోతెంత?"

యామిని అరచేతిలో వేలితో లెక్క వేసింది.

"నలభై ఐదు మీటర్లు."

"కరెక్టే! మల్ల లెక్కేస్తవేందే, పిచ్చిదానా?"

యామిని నవ్వలేదు. "ఇంకోటి సద్వు," అంది.

పెబ్బేరు దాటింది. పూజ చదువుతూనే ఉంది. యామిని ముందుకు వంగి, కళ్లు మూసుకుని వింటూ, ప్రశ్న పూర్తికాకముందే చెప్పేస్తోంది. ముందు సీటు పిల్లలు కూడా వెనక్కి తిరిగి ఆమెనే అడగసాగారు. ఇరవై రెండు ప్రశ్నల్లో తప్పిందొక్కటే.

"కాకా, చూస్తున్నరా? డాక్టరమ్మ తండ్రి అయినట్టే మీరు!"

నర్సింహ తల తిప్పుకుని బయటికి చూశాడు. కాసేపటికి జేబులోంచి బిస్కెట్ పుడా తీసి కూతురి భుజం మీదుగా అందించాడు. పొద్దుటి నుంచి ఆ పిల్ల ఏమీ తినలేదు. యామిని రెండు తీసుకుని మిగిలినవి తండ్రికే ఇచ్చింది.

"నువ్వు గూడ తినలే నాయినా."

బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ మీది వంతెన ఎక్కింది. నర్సింహ ఫోను మోగింది. సుగుణ. ఇంటి నుంచి భార్య చేయడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ అతను ఎత్తలేదు. ఇప్పుడూ తెర వంక చూస్తూ ఉండిపోయాడు.

"చిన్నమ్మనే గద! ఎత్తరేంది కాకా?" పూజ వెనక్కి తిరిగి చటుక్కున ఫోను అందుకుంది.

"పూజా, వద్దే..." అని యామిని చెయ్యి చాచేలోపే మాట్లాడేసింది.

"చిన్నమ్మా, నేను పూజను. మీ యామిని ఇరగదీసింది! ఒక్కటి తప్ప నేను అడిగినయన్నీ కరెక్టే. ఈపారి సీటు ఏడికీ పోదు!"

అవతల సుగుణ గొంతు బస్సు శబ్దంలోనూ వినిపించింది. "నిజమా బిడ్డా? నీ నోట్ల చక్కెర పొయ్య! జర మీ కాకకియ్యి."

నర్సింహ ఫోను చెవికి పెట్టుకున్నాడు. నోరు తెరవగానే ఏడుపు బయటపడింది.

"ఏమైందయ్యా? ఏడుస్తున్నవా?"

"సంబురానికి చిన్నమ్మా!" పూజ గట్టిగా కేకేసింది.

యామిని సీటు మీదుగా చెయ్యి వెనక్కి చాచి తండ్రి మోకాలి మీద పెట్టింది.

"ఊకో నాయినా. నువ్వేం కావాలని చేసినవా?"

సెంటరు తనకు తెలుసంటూ నర్సింహ మధ్యాహ్నం వేరే కాలేజీకి తీసుకుపోవడంతో యామిని అసలు సెంటరు చేరేసరికే గేటు మూసేశారు. పూజ చదివిన ప్రశ్నలన్నీ ఆమె ఈ బస్సులోనే మొదటిసారి విన్నది.