జాబితాలో ఆఖరి వరుస

ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఔలు ఊళ్లో, చలికాలం కావడంతో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయింది. ఆఫీసులో ఇన్కెరి ఒక్కతే మిగిలింది. కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే కెర్నెల్‌ను మిగతా ప్రోగ్రాములు ఏయే పనులు అడగవచ్చో చెప్పే జాబితా ఆమె ముందుంది. దాన్ని మనుషులు రాయరు, స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రామే పుట్టిస్తుంది. దాని చివర ఎవరూ కోరని వరుస ఒకటి కనిపించింది: ‘లోపలికి రానివ్వు’.

ఫైలు చెరిపేసి స్క్రిప్టును మళ్లీ నడిపింది. వరుస తిరిగొచ్చింది. స్క్రిప్టంతా వెతికినా ఆ మాట ఎక్కడా లేదు.

“వదిలెయ్ తల్లీ, సోమవారం చూసుకోవచ్చు. ఇక్కడ సౌనాలో ఆవిరిస్నానానికి రాళ్లు కాగిపోతున్నాయి,” అన్నాడు ఫోన్లో సహోద్యోగి తపానీ.

“నా ఫైల్లో ఎవడు వేలు పెడుతున్నాడో తేలందే కదలను. మీరు కానివ్వండి.”

నెట్‌వర్క్ తీగ పీకేసింది. స్క్రిప్టులో ఒక్క అక్షరం మిగలకుండా తుడిచి, ఆ ఖాళీదాన్నే నడిపింది. ఫ్యాన్ల హోరు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. ఫైలు పుట్టింది. అందులో ఆ ఒక్క వరుసే ఉంది.

అయినా ఇన్కెరి లేవలేదు. ఉదయం ఆ జాబితాతో కట్టిన కెర్నెల్ పక్క యంత్రంలో నడుస్తూనే ఉంది. ‘లోపలికి రానివ్వు’ అన్న ఆ పనినే కెర్నెల్‌ను అడిగే చిన్న ప్రోగ్రాము రాసి, మీట నొక్కింది.

తెర మీద ఏమీ రాలేదు. నడవా చివర, తాళం వేసిన తలుపు గడియ టక్కుమంది.

ఇన్కెరి కుర్చీని అటు తిప్పుకుంది.

“రా,” అంది. “ఎవరివో చూస్తాను.”