మూడోసారి అనకముందు

"మూడో రకం," అన్నాడు డాక్టరు, ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి. "మెదడు కాండంలో వచ్చే దెబ్బను మూడు రకాలుగా విడదీస్తామమ్మా. చిన్న చుక్కయితే లేచి నడుస్తారు. ఒక పక్కకే పడితే చేతికర్రతో నెట్టుకొస్తారు. మీవారికి ముందుభాగమంతా పోయింది. పై అంచున కొంచెం మిగిలిందిగానీ, దానివల్ల రకం మారదు. షుగరు, బీపీ, సిగరెట్లు కూడబలుక్కుని కొట్టాయి."

కలప వ్యాపారి భార్య మంచం మీది భర్తకు దుప్పటి సరిచేసింది. కుర్చీలో నిద్రపోయి నిద్రపోయి ఆమెకు ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది. రాబడి లేని చోట ఖర్చు ఆపాలన్నది వ్యాపారంలో మొదటి పాఠం. ఆసుపత్రిలో ఆ పాఠం పనికిరాదు.

"తెలివి ఉందంటారా?" మరిది అడిగాడు.

"కళ్ళు తెరిచే ఉన్నాయి. వేలు అటూ ఇటూ తిప్పినా చూపు దాని వెంట రావడం లేదు. గిచ్చితే చెయ్యి తియ్యడం లేదు. గొంతులో ఊపిరి గొట్టం ఉంచాలో తీసెయ్యాలో మీరే చెప్పాలి."

"వదినా, మునిగే పడవలో సరుకెయ్యొద్దని అన్నయ్యే అనేవాడు."

"మీ అన్నయ్య సరుకు కాదయ్యా."

"కాదు. కానీ నువ్వూ మునిగిపోతున్నావు."

అందులో అబద్ధం లేదు.

అంతలో కలప అడితిలో పాట నడిపే వేలందారు తలుపు తోసుకుని వచ్చాడు. "లేవయ్యా పిసినారీ! నువ్వు లేక మంచి దుంగలన్నీ దద్దమ్మలు ఎగరేసుకుపోతున్నారు," అని మంచాన్ని కసిరి, ఆమె వైపు తిరిగాడు. "వేలంలో అందరూ గొంతు చించుకునేవాళ్ళమ్మా. ఈయన మాట కూడా ఖర్చుపెట్టేవాడు కాదు. స్తంభానికి ఆనుకుని చూపు పైకెత్తేవాడు, అంతే. పాట పెంచినట్టు."

"ఇంట్లోనూ అంతే అన్నయ్యా, కూర బాగుందని చెప్పడానికీ పిసినారితనమే," అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. మరిది వదిన భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె కళ్ళు మూసుకుని, సరేనని తలూపింది.

"ఆగండి," అన్నాడు వేలందారు. "పుచ్చిపోయిన దుంగనైనా మూడుసార్లు అడక్కుండా నేనెప్పుడూ పాట కొట్టెయ్యలేదు. ఈయన్ని ఎలా వదిలేస్తాను?"

మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు.

"గొట్టం తీసేస్తున్నారయ్యా. ఒకటోసారి..."

గదిలో యంత్రం ఒక్కటే ఊపిరి తీసుకుంటోంది.

"రెండోసారి..." అతను మంచం కమ్మి పట్టుకుని ముందుకు వంగాడు.

వ్యాపారి చూపు పైకి లేచింది.