ఐదు గీతలు

ల్యాబ్ తెర మీద ఐదు గీతలూ ఒకే ఎత్తులో నిలబడ్డాయి. ఒక్కో గీతా ఒక్కో బ్యాండుకి, అంటే ఫోను వాడుకునే ఒక్కో ఫ్రీక్వెన్సీ శ్రేణికి. ఫోను ఏ బ్యాండులో పలికినా బోర్డు మీది ఈ ఒక్క యాంప్లిఫయరే సిగ్నలుకి బలమిస్తుందన్నమాట.

డిజైనర్ చూపుడువేలు ఇంకా సర్క్యూట్ బోర్డు మీదే ఉంది.

"సార్, ఒక్క మాట చెప్పాలి..."

"ఇంకా మాటలేంటమ్మా, పని అయిపోతేనూ!" మేనేజరు మురిసిపోయాడు. ఒక బ్యాండు కుదిరితే ఇంకోటి చెడుతోందని నిన్నటిదాకా ఆమెను తిట్టని పూట లేదు. "రేపు కస్టమర్లకి నేనే చూపిస్తా. నువ్వు..." గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోకు. పైవాళ్లు మనుషుల్ని తగ్గించమన్నారు. డిజైన్ ఎలాగూ పూర్తయింది కదా, ఈ రోజుతో నీకు సెలవు."

ఆమె బోర్డు మీదున్న తన వేలి వంక చూసుకుంది.

"అయితే చెయ్యి తీసెయ్యమంటారా సార్?"

"నిక్షేపంగా తియ్యి."

తీసింది. బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లిందో లేదో, వెనకనుంచి కేక వినపడింది. తెర మీద ఐదు గీతలూ కుప్పకూలి ఉన్నాయి.

"ఏం చేశావమ్మా దీన్ని?"

"ఏమీ చెయ్యలేదు సార్. ఇందాక చెప్పబోయింది అదే. నా వేలు తగిలితేనే పనిచేస్తోంది. ఎందుకో రేపొచ్చి చూద్దామనుకున్నా."