చక్రాల కిళ్ళీకొట్టు

ఊరు మొత్తానికి మిగిలింది ఒకే ఒక్క కిళ్ళీకొట్టు. దానికీ చక్రాలు బిగించారు. సర్కారు జాబితాలో పొగతాగేవాళ్ళ ఇళ్ళన్నిటికీ ఎక్కడ బాగా దూరమో తనంతట తానే లెక్క చూసుకుని, జాబితాలో ఒక్క పేరు మారినా కొత్తచోటికి దొర్లుకుంటూ పోతుంది.

ఒక్క సిగరెట్టు కోసం వరహాలరావు రెండేళ్ళు రోజూ ఆరేసి కిలోమీటర్లు ఎండలో నడిచాడు. చివరికి మోకాళ్ళు మొరాయించాయి.

"ఇక నా వల్ల కాదే నూకరత్నం, మానేశాను" అని పెళ్ళాం ముందు ఒట్టేసి, సాయంత్రమే జాబితాలోంచి పేరు కొట్టించేసుకున్నాడు. ఆవిడ పరమాన్నం వండింది.

తెల్లారి పాలప్యాకెట్టు కోసం తలుపు తీస్తే, గుమ్మం ఎదురుగా కిళ్ళీకొట్టు! ఊళ్ళో పొగతాగేవాడే లేని పేట ఇప్పుడు ఇదొక్కటే మరి. సిగరెట్లు వెలిగించుకునే కొబ్బరితాడు, చివర నిప్పుతో, రా రమ్మన్నట్టు ఊగుతోంది.

"నేను పిలవలేదే" అన్నాడు వరహాలరావు గుటకలు మింగుతూ. కాళ్ళు అప్పటికే మెట్లు దిగేశాయి.

నూకరత్నం మొగుణ్ణి పక్కకి నెట్టి, కొంగు బిగించి, కొట్టు ముందు నిలబడింది.

"ఒక సిగరెట్టియ్యి. జాబితాలో నా పేరు రాసుకో."

కొట్టు రాసుకుంది. మరుక్షణం చక్రాలు కదిలాయి.

కొట్టు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ సిగరెట్టు తుంచి కాలవలో పారేసింది.

"ఊఁ, ఇప్పుడు నడవండి!"